పై గీత ఎవరిది

వీధిదీపం స్తంభానికి పసుపు కాగితం కట్టి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజుల్లో దాని ముందు ఆగి చదివినవాళ్ళు పదకొండు మంది. ఆగకుండా ఓరచూపు చూసి వెళ్ళినవాళ్ళు ఆరుగురు. థెల్మా గార్‌సైడ్‌కి ఆ ఆరుగురి మీదే ఎక్కువ అనుమానం. మనసులో ఏమీ లేనివాడు ఆగి చదువుతాడు, ఏదో ఉన్నవాడే చూడనట్టు పోతాడు అని ఆమె లెక్క.

హోజియర్స్ రోలో ఇళ్ళన్నిటికీ మేడ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పొడవాటి కిటికీ ఉంటుంది. ఒకప్పుడు మేజోళ్ళు అల్లేవాళ్ళు వెలుతురు కోసం పెట్టించుకున్నది. ఇప్పుడు అల్లేవాళ్ళు లేరు, మగ్గాలూ లేవు. నాలుగో నంబరు ఇంట్లో మాత్రం ఆ కిటికీ దగ్గర ఒక కుర్చీ, ఒక టీ కప్పు, ఒక నోటు పుస్తకం ఉన్నాయి. ఎవరు ఎప్పుడు వచ్చి చదివారో థెల్మా అందులో రాసుకుంటోంది.

కాగితం మీద ఉన్న సంగతి చిన్నదే. నాలుగో నంబరు ఇంటివారు పెరట్లోని ఉతుకుగదిని పడగొట్టి, అక్కడ ఒక పడకగది, ఒక స్నానాలగది కట్టుకోవడానికి అనుమతి కోరుతున్నారు. ఇల్లు చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్నది, వీధి మొత్తం పరిరక్షణ ప్రాంతంలో ఉన్నది కాబట్టి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇరవై ఒక్క రోజుల్లో కౌన్సిల్‌కి రాయవచ్చు. ఈ చివరి వాక్యం చదివినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. పిలిచి మరీ అభ్యంతరం ఉందా అని అడిగితే లేదనేవాడు ఎవడు? ఈ హాథర్‌బీ ఊళ్ళో అయితే ఎండ కాసినా ఇద్దరు అభ్యంతరం రాస్తారు.

థెల్మాకి అనుమానం పుట్టుకతో వచ్చిందని కొందరంటారు, ఉద్యోగంతో వచ్చిందని కొందరంటారు. ఇరవై ఆరేళ్ళు బస్సుల్లో టికెట్ల తనిఖీ చేసిన మనిషి ఆమె. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, టికెట్ లేనివాడు ఆమె ఎక్కగానే కిటికీలోంచి చాలా శ్రద్ధగా పొలాలు చూసేవాడట. ఆ చూపు కనిపిస్తే చాలు, ఆమె అక్కడే ఆగేది. ఎంతమందిని పట్టుకుందో లెక్క లేదు గానీ, ఊరు మరిచిపోనిది ఒక్కటే. ఒక వానాకాలం సాయంత్రం సొంత చెల్లెలు ఈనిడ్ టికెట్ లేకుండా దొరికింది. పర్సు మిల్లులో మరిచిపోయానంది. థెల్మా గంట కొట్టించి, బస్సు ఆపించి, చెల్లెల్ని ఊరి బయటి రాతి శిలువ దగ్గర దింపేసింది. ఈనిడ్ రెండు మైళ్ళు వానలో నడిచి ఇంటికొచ్చింది. అందరికీ ఒకటే నియమం అని థెల్మా ఇప్పటికీ ఆ కథ గర్వంగానే చెబుతుంది. ఈనిడ్ ఆ కథ ఎప్పుడూ చెప్పదు.

వాళ్ళిద్దరికీ పదకొండు నెలలే తేడా. ఇద్దరూ ఆ ఇంట్లోనే పుట్టారు. థెల్మా పెళ్ళి చేసుకోలేదు, ఈనిడ్ చేసుకుంది. భర్త పోయాక పద్దెనిమిదేళ్ళ క్రితం మళ్ళీ ఆ ఇంటికే వచ్చింది. నిరుటి నవంబరులో చక్కెర జబ్బు ముదిరి ఆమె ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. ఆ ఇంటి మెట్లు నిచ్చెనకి తమ్ముళ్ళు, స్నానాలగది మేడ మీద. అందుకని ఆస్పత్రివాళ్ళు ఆమెని మార్ల్‌స్టన్‌లోని బీచ్ లాన్ అనే వృద్ధాశ్రమానికి పంపారు. కింద గది ఏర్పాటైతే ఇంటికి వెళ్ళవచ్చన్నారు.

"నిన్ను ఇంటికి తెచ్చుకుంటా. ఉతుకుగది తీసేసి నీకు గది కట్టిస్తా" అంది థెల్మా మొదటి ఆదివారమే.

"ఎందుకు థెల్, అంత శ్రమ" అంది ఈనిడ్.

"శ్రమేముంది? పడగొట్టడం, కట్టడం."

"నీకు దుమ్ము పడదు కదా. ఎందుకొచ్చిన గొడవ."

థెల్మా ఆ మాటని మర్యాద అనుకుంది. డిజైన్లు గీసేవాణ్ణి పట్టుకుంది, గీయించింది, కౌన్సిల్‌కి పంపింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఈనిడ్ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఇంకా ఏమీ చెప్పలేదా వాళ్ళు?" పాపం, ఎంత ఆత్రమో అని థెల్మా బస్సులో కళ్ళు తుడుచుకునేది. ఖాళీ ఇంట్లో ఒక్కతే టీ పెట్టుకోవడం ఆమెకి ఇంకా అలవాటు కాలేదు. కెటిల్‌లో రెండు కప్పుల నీళ్ళు పోసి, ఒక కప్పు పారబోసేది.

పక్కింటి రాయ్‌స్టన్ పార్జిటర్ అయిదో రోజు పొద్దున ఆ కాగితం ముందు ఆగాడు. చెత్తడబ్బా లాక్కుంటూ వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. థెల్మా చెప్పులైనా మార్చుకోకుండా కిందికి దిగింది.

"చదివారా?"

"చదివానండీ. గది కడుతున్నారన్నమాట."

"చెల్లెలి కోసం. మీకేమైనా ఇబ్బందా?"

పార్జిటర్ కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బాగుంటుందిలెండి," అన్నాడు. కాస్త ఆగి, "మీకు" అన్నాడు.

ఆ "మీకు" థెల్మా గొంతులో ముల్లులా దిగింది. బాగుంటుంది అని ఊరుకోవచ్చు కదా. మళ్ళీ ఆగి మీకు అనడమేమిటి? అంటే మాకు బాగుండదనే కదా. ఈ ఊళ్ళో వద్దు అనే మాట ఎవరూ నోటితో అనరు. ఎంత శ్రమ అంటారు, బాగుంటుందిలే మీకు అంటారు. మిగతాది వినేవాళ్ళు కనుక్కోవాలి. పక్కవాళ్ళ మాటల్లో దాన్ని కనుక్కోవడంలో థెల్మాని మించినవాళ్ళు లేరు. నోటు పుస్తకంలో పార్జిటర్ పేరు కింద రెండు గీతలు పడ్డాయి.

పదిహేనో రోజున కౌన్సిల్ నుంచి పాత కట్టడాల అధికారి వచ్చింది. పేరు జోసెలిన్ ఓడెల్, బురద బూట్లు, చేతిలో చిన్న సుత్తి. ఉతుకుగది గోడలు తట్టింది, పలకరాళ్ళ కప్పు కిందకి దూరి, చట్టప్రకారం కదపకూడని గబ్బిలాలున్నాయేమో చూసింది. ఎవరో సున్నం బదులు సిమెంటు మెత్తిన చోట వేలు పెట్టి, ఇంట్లో చావు జరిగినట్టు నిట్టూర్చింది.

"సిమెంటు మా నాన్న పెట్టాడు. ఆయన్నిప్పుడు మీరేం చేయలేరు" అంది థెల్మా.

ఓడెల్ నవ్వింది. బట్టలు ఉడకబెట్టే పాత రాగి బాన దగ్గరికి వెళ్ళి, దాని వెనక గోడ మీద టార్చి వేసింది. అక్కడ, నీలిమందు మరకల పక్కన, రెండు పెన్సిల్ గీతలున్నాయి. ఒకదాని మీద ఒకటి, మధ్య బొటనవేలంత ఎడం. కింద ఏడాది ఉంది, అరవై మూడు.

"ఇవేనన్నమాట" అంది ఓడెల్.

థెల్మా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఇవేనంటే? వీటి సంగతి మీకెవరు చెప్పారు?"

"అభ్యంతరం ఒకటి వచ్చిందండి. ఈ గది గురించే. ఈ గీతల గురించి కూడా రాశారు."

"ఎవరు?"

"పేరు నేను చెప్పకూడదు. ఉత్తరం త్వరలో వెబ్‌సైట్‌లో పెడతారు, అందులోనూ పేరు చెరిపేసే ఉంటుంది."

"నా ఇంట్లో, నా బాన వెనక, నా గోడ మీద ఉన్న గీతల గురించి వీధిలోవాళ్ళకెలా తెలుసు?"

"అది నాకు తెలియదండీ. మంచి ఉత్తరం మాత్రం. బాగా తెలిసినవాళ్ళే రాశారు."

ఆమె వెళ్ళాక థెల్మా బాన పక్కన తిరగేసిన బకెట్ మీద కూర్చుని విచారణ మొదలుపెట్టింది. ఈ గదిలోకి వచ్చినవాళ్ళెవరు? గ్యాసువాడు, అతనికి ఊరే వేరు. డిజైన్లు గీసినవాడు, అతను తన కడుపు తను కొట్టుకోడు. ఇంకొకరు. మూడేళ్ళ క్రితం గడ్డకట్టే చలిలో పైపు పగిలితే, ఆమె మంచినీళ్ళ మీట తిరగక కేకేస్తే, పైజామాలో పరుగెత్తుకొచ్చి బాన వెనక దూరి మీట కట్టేసినవాడు. అప్పుడు చేతిలో టార్చి కూడా ఉంది. రాయ్‌స్టన్ పార్జిటర్.

సాయం చేయడానికి వచ్చి సాక్ష్యం పట్టుకుపోయాడన్నమాట. ఇప్పుడు ఆ సాక్ష్యంతో చెల్లెల్ని ఇంటికి రాకుండా ఆపుతున్నాడు. థెల్మాకి కోపం కంటే ముందు భయం వేసింది. ఈ ఒక్క ఉత్తరంతో కౌన్సిల్ కాదంటే ఈనిడ్ ఇక బీచ్ లాన్‌లోనే. తను ఇక ఈ ఇంట్లో ఒక్కతే. ఆ భయాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పార్జిటర్ క్రిస్మస్‌కి ఇచ్చిన నారింజ మార్మలేడ్ సీసా, మూతైనా తీయనిది, పట్టుకుని వెళ్ళి అతని తలుపు కొట్టింది.

"ఇది మీది. ఇక ఇలాంటివి మా ఇంటికి పంపకండి."

"ఏమైందండీ? పులిసిందా?"

"పైపు కట్టడానికి వచ్చారా, గోడలు చూడటానికి వచ్చారా ఆ రోజు?"

పార్జిటర్‌కి ఏమీ అర్థం కాలేదు. లేదా అర్థం కానట్టు నటించాడు. థెల్మా ఆ రెండో దాన్నే నమ్మింది. ఆమె మొత్తం చెప్పేదాకా అతను సీసా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మెడ మాత్రం ఎర్రబడింది.

"నేను రాశాను, నిజమే" అన్నాడు. "కౌన్సిల్‌కి రాశాను. అభ్యంతరం మాత్రం కాదు."

"మరేం రాశారు, ప్రేమలేఖా?"

"వెళ్ళి చదువుకోండి. లైబ్రరీలో కంప్యూటర్ ఉంది." తలుపు వేయబోయి ఆగాడు. "మీ గోడ మీద ఏముందో నేను చూడలేదు మిస్ గార్‌సైడ్. చీకట్లో మీట వెతుక్కుంటున్నా. నా చేతులు గడ్డకట్టుకుపోయాయి ఆ రోజు."

అతను ఆమెని మిస్ గార్‌సైడ్ అని పిలవడం ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. ఎప్పుడూ డక్ అనే పిలిచేవాడు. ఈ ఊళ్ళో తల్లినైనా, టపా మనిషినైనా, దారినపోయేవాణ్ణైనా బాతు అని పిలవడమే ప్రేమ. థెల్మా నడుచుకుంటూ వచ్చేసింది గానీ, ఆ పిలుపు తీసేయడం ఆమెని కాస్త కుదిపింది.

వారం తర్వాత ఉత్తరాలు వెబ్‌సైట్‌లో పెట్టారు. లైబ్రరీ అమ్మాయి రెండు కాగితాలు ప్రింట్ తీసి చేతికిచ్చింది. పేర్ల మీద నల్లటి పట్టీలున్నాయి. థెల్మా బస్టాపు బెంచీ మీద కూర్చుని మొదటిది చదివింది.

"నాలుగో నంబరు ఆవిడ మంచి పొరుగుమనిషని నేను చెప్పలేను. నా చెత్తడబ్బా ఎక్కడ పెడుతున్నానో ఆవిడ ఇరవై ఏళ్ళుగా రాసిపెట్టుకుంటోంది. కానీ నడవలేని చెల్లెల్ని ఇంటికి తెచ్చుకుంటానన్న మనిషికి అడ్డుపడే నియమం ఏదైనా ఉంటే, తప్పు ఆ నియమానిదే. గది కట్టుకోనివ్వండి. దుమ్ము మేం భరిస్తాం."

థెల్మాకి ముఖం వేడెక్కింది. సిగ్గుపడటం ఆమెకి చేతకాని పని. అందుకని గబగబా రెండో కాగితం తీసింది. ఇతను కాకపోతే ఇంకెవరో ఉన్నారు కదా, వాళ్ళ సంగతి చూడాలి.

రెండో ఉత్తరం కంప్యూటర్‌లో కొట్టింది, చక్కటి వాక్యాలు. ఉతుకుగది ఈ వీధిలో మిగిలిన చివరిదని, రాగి బాన కదపకుండా ఉన్నదని, అలాంటివి పోతే మళ్ళీ రావని రాసి ఉంది. తర్వాత ఇది.

"బాన వెనక గోడ మీద ఆ ఇంటి ఇద్దరు ఆడపిల్లల ఎత్తు గీతలున్నాయి. పెద్ద చలి వచ్చిన ఏడాది వాళ్ళ తల్లి గీసినవి. పై గీత చిన్నమ్మాయిది."

"అబద్ధం. అది నాది" అంది థెల్మా పైకే. పక్కనున్నావిడ ఉలిక్కిపడి చూసింది.

అని, ఆగిపోయింది.

ఆ ఏడాది అమ్మ గోడ మీద గీతలే గీసింది, పేర్లు రాయలేదు. అప్పట్నుంచి పై గీత నాదంటే నాదని అరవై ఏళ్ళు కొట్లాడుకున్నారు. అమ్మ ఎవరి వైపూ చెప్పకుండానే పోయింది. పై గీత చిన్నమ్మాయిది అని ఈ భూమి మీద అనే మనిషి ఒక్కతే ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇరవై ఆరేళ్ళు ఊరి దొంగల్ని పట్టిన మనిషికీ దొరకలేదు.

చివరి వాక్యం ఇంకా ఉంది. "ప్రస్తుతం ఉన్న ఇల్లు ఒక్క మనిషి నివాసానికి సరిపోతుంది కనుక, పెంచవలసిన అవసరం కనిపించడం లేదు."

ఒక్క మనిషికి. థెల్మా దాన్ని మూడుసార్లు చదివింది. బస్సు వచ్చింది. డ్రైవర్ తలుపు తెరిచి, "ఎక్కుతున్నావా డక్?" అని అడిగాడు. ఆమె తల ఊపింది గానీ లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది.

అప్పుడు ఆదివారాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎంత శ్రమ అన్న మాట. ఇంకా ఏమీ చెప్పలేదా అని అడిగినప్పుడు ఈనిడ్ చూపు తన ముఖం మీద ఉండేది కాదు, కిటికీ బయట పచ్చిక మీద ఉండేది. చాలా శ్రద్ధగా. ఆ చూపు మరొకరిలో కనిపిస్తే అక్కడే ఆగి చెయ్యి చాపేది. చెల్లెల్లో చూసి కళ్ళు తుడుచుకుంది. బిస్కట్ డబ్బాలో ఎన్ని ఉన్నాయో, ఫోన్ ఎవరిదో, చర్చి నుంచి రావడానికి అంతసేపు ఎందుకో, పద్దెనిమిదేళ్ళు తను అడిగిన ప్రశ్నలు ఒక్కటొక్కటిగా చెవిలో వినపడ్డాయి. తనకే విసుగొచ్చింది. ఏడుపు రాలేదు గానీ, గుండెలో ఎవరో గంట కొట్టి బస్సు ఆపించినట్టయింది. అక్కకి ముఖాన చెప్పలేక కౌన్సిల్‌కి చెప్పుకుంది ఈనిడ్. ఇరవై ఒక్క రోజుల గడువులోనే.

ఆ శుక్రవారం కౌన్సిల్ నిర్ణయం టపాలో వచ్చింది. అనుమతి ఇచ్చారు. షరతులు పదకొండు. సున్నమే వాడాలి, పలకరాళ్ళు పాతవే వాడాలి, బానని కొత్త గదిలో ఓ మూల ఉంచాలి. ఆరో షరతు, పెన్సిల్ గీతలున్న గోడని పడగొట్టకుండా కొత్త స్నానాలగదిలో కలుపుకోవాలి. మూడేళ్ళలోపు పని మొదలుపెట్టాలి. అభ్యంతరం రాసినవాళ్ళు ఏవి పోతాయన్నారో అవన్నీ ఉంటాయి. గదీ ఉంటుంది.

థెల్మా రెండు కాగితాలూ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఆదివారం వాటిని చెల్లెలి ముందు పక్కపక్కన పరుస్తుంది. ఒకటి ఉత్తరం, ఒకటి అనుమతి. టికెట్ లేనివాడి ముందు నియమాల కార్డు పెట్టినట్టే. గోడ పడదు, బాన పోదు, మరి ఇప్పుడేమంటావు అని అడుగుతుంది. అప్పుడు ఈనిడ్ ముఖం చూస్తుంది. నిజం అక్కడ దొరుకుతుంది. ఇన్నాళ్ళూ ఆమె నిజాలు తీసిన పద్ధతి అదే.

బీచ్ లాన్ హాలులో కిటికీ పక్క బల్ల దగ్గర ఈనిడ్ ఇంకో ముసలావిడతో డామినోలు ఆడుతోంది. నవ్వుతోంది. పెదవులకి రంగు వేసుకుంది. పెదవులకి రంగా, ఈ వయసులో ఎవరి కోసం అని థెల్మా నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఆ ముసలావిడ మర్యాదగా లేచి కుర్చీ ఖాళీ చేసింది.

"వచ్చావా థెల్. చలిగా ఉందా బయట?" అంది ఈనిడ్. తర్వాత, డామినోలు బోర్లించి కలుపుతూ, "ఇంకా ఏమీ చెప్పలేదా వాళ్ళు?"

థెల్మా బ్యాగు ఒళ్ళో పెట్టుకుని జిప్పు మీద చెయ్యి వేసింది. ఈనిడ్ తల తిప్పి కిటికీలోంచి బయటికి చూస్తోంది. పచ్చిక మీద ఏమీ లేదు. ఒక బెంచీ, వాన. అయినా కళ్ళార్పకుండా చూస్తోంది. డామినోలు కలిపే వేళ్ళు మాత్రం ఆగిపోయాయి.

వానలో శిలువ దగ్గర దిగిన పిల్ల కూడా ఇలాగే ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రోజు చెల్లెలి ముఖం ఎలా ఉందో థెల్మా ఎప్పుడూ ఆలోచించలేదు.

"చెప్పారు" అంది. "కాదన్నారు."

ఈనిడ్ భుజాలు కిందికి దిగాయి. ఎంత దాచుకున్నా దాగని దిగడం అది. "అయ్యో" అంది. "అయ్యో థెల్. అంత కష్టపడ్డావు."

"ఏం చేస్తాం. పాత ఇల్లు కదా. ఎవరో అభ్యంతరం కూడా రాశారట."

"ఎవరట?"

"పేరు చెరిపేశారు."

వెబ్‌సైట్‌లో ఒక్క నొక్కు నొక్కితే ఈనిడ్‌కి నిజం తెలిసిపోతుంది. నొక్కాలనుకుంటేనే. ఈనిడ్ అక్క వైపు చూసి, బ్యాగు వైపు చూసి, మళ్ళీ డామినోలు కలపసాగింది. ఏడేడు పంచింది.

"అయితే ఆ గోడ ఉంటుందన్నమాట."

"ఉంటుంది."

"గీతలు కూడానా?"

"అవి ఎక్కడికి పోతాయి."

"పై గీత నాదే" అంది ఈనిడ్, అలవాటుగా, పావులు నిలబెట్టుకుంటూ.

థెల్మా తన ఏడు పావులూ ఒక్కొక్కటే తిప్పి చూసుకుంది. "నీదేలే" అంది.

ఈనిడ్ చెయ్యి గాలిలో ఆగింది. కళ్ళు చిన్నవి చేసి అక్క ముఖంలోకి అనుమానంగా చూసింది. "ఒంట్లో బాగాలేదా నీకు?"

"బాగానే ఉన్నా," అంది థెల్మా, బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టి. "ఆడు. ముందు నువ్వే."